ఇంటి దగ్గర కారుకు రంగు: స్ప్రే గన్ను ఎన్నుకోవడం ఎలా?

(కోవూరులో జరిగిన మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంతకు ముందు ఈ వేదిక మీద డి.ఎ. బకాయిల గురించీ, కంటి శుక్లాల గురించీ విన్నాం. ఈసారి కార్యదర్శి గారు నన్ను పట్టుకుని, "మీరు కారుకు స్వయంగా రంగు వేసుకున్నారట గదా, ఆ సంగతి చెప్పండి" అన్నారు. నేను పెయింటరును కాను. నీటిపారుదల శాఖలో కాలువల లెక్కలు చూసి రిటైరయినవాణ్ణి. అయినా ఒప్పుకున్నానంటే కారణముంది. మనలో చాలామంది ఇళ్లలో పదిహేను, ఇరవై ఏళ్లు దాటిన కార్లున్నాయి. అమ్మితే ఏమీ రాదు, రంగు వేయిద్దామంటే ఎస్టిమేటు వింటే గుండె దడ. అందుచేత "ఏ గన్ను కొనమంటారు?" అని ఇప్పటికి నలుగురు మిత్రులు నన్ను అడిగారు. ఒక్క ముక్కలో చెప్పలేక, అందరికీ కలిపి ఈ వేళ మనవి చేస్తున్నాను.

మాది 1998 నాటి మారుతి 800, తెల్ల రంగు. ఆఫీసులో వాహన అడ్వాన్సు తీసుకుని కొన్నది. మారుతి 800 మొదటి కారు తాళం చెవి 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ గారి చేతుల మీదుగా అందజేశారు. 2014 జనవరిలో దాని తయారీ ఆగిపోయింది. మా బండికి ఇంజను ఇప్పటికీ లక్షణంగా ఉంది. ఒళ్లే చెడింది. టాపు మీద చెయ్యి పెడితే సుద్దలాగా తెల్లగా అంటుకునేది. తలుపుల అడుగున తుప్పు. మనకు సముద్రం కనిపించదు గాని, మైపాడు తీరం సుమారు ఇరవై కిలోమీటర్లే. ఆ ఉప్పు మన గాలిలో ఉంటుంది, ఇనుముకు ఆ సంగతి తెలుసు.

బండి మొత్తానికి రంగు వేయిస్తే నా రెండు నెలల పెన్షను అవుతుందన్నారు. సరే, మనమే వేసుకుందామని బయలుదేరాను. అక్కడే మొదటి పొరపాటు చేశాను. ముందుగా వెళ్లి గన్ను కొన్నాను.

నెల్లూరులో ఒక దుకాణంలో అద్దంలా మెరిసే గన్ను చూపించారు. "హెచ్.వి.ఎల్.పి. సార్, రంగు వృథా కాదు" అన్నారు. ఆ మాట అబద్ధం కాదు. ఇంటికి తెచ్చి, పంక్చరు షాపు అబ్బాయి దగ్గర ఒక హెచ్.పి. కంప్రెసరు అద్దెకు తీసుకుని, ఎడమ తలుపు మీద మొదలుపెట్టాను. ఒక నిమిషం బ్రహ్మాండంగా పడింది. నిమిషం దాటాక గన్ను దగ్గడం మొదలుపెట్టింది. రంగు పొగమంచులా రావలసింది చుక్కలు చుక్కలుగా వచ్చింది. మధ్యలో నీళ్లు కూడా చిమ్మింది. ఆరిన తర్వాత చూస్తే తలుపంతా బత్తాయి తొక్క.

మా వీధిలో ఒక పెయింటింగు మేస్త్రీ ఉన్నాడు. సాయంత్రం అటుగా పోతూ ఆగి, తలుపు మీద వేలితో రాసి చూశాడు. గన్ను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "గన్ను బాగుంది సార్. మరి గాలి యాడుంది?" అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్నే నేను ఈ రోజు మీకు చెప్పదలచుకున్న పాఠం.

స్ప్రే గన్ను పుట్టింది కార్ల కోసం కాదు, గొంతు నొప్పి కోసం. అమెరికాలో ఒహాయో రాష్ట్రం టొలీడో పట్టణంలో డాక్టర్ అలెన్ డెవిల్బిస్ అనే చెవి, ముక్కు, గొంతు వైద్యుడు రోగుల గొంతులోకి మందు చిమ్మడానికి 1880ల చివర్లో ఒక పరికరం తయారు చేశాడు. ఆయన కుమారుడు థామస్ ఆ సూత్రాన్నే 1907లో రంగు చిమ్మే గన్నుగా మలిచాడు. అప్పటి కార్లకు కుంచెతో వార్నిషు వేసి, ఒక్కొక్క పూత ఆరబెట్టి రుద్దుతూ వారాల తరబడి పని చేసేవారు. 1920ల మొదట్లో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే త్వరగా ఆరే లక్కరును తెచ్చింది. 1924 మోడల్ ఓక్లాండు కారుకు దాన్ని నీలం రంగులో వేశారు. త్వరగా ఆరే రంగుకు కుంచె పనికిరాదు, గన్నే కావాలి. అప్పటి నుంచి రెండూ జతగా నడిచాయి. మన మేస్త్రీలు ఈనాటికీ ఏ కారు పెయింటునైనా డ్యూకో అనే అంటారు.

ఇక గాలి సంగతి. మనకు తెలిసిన కాలువ లెక్కలోనే చెబుతాను. కనిగిరి రిజర్వాయరులో నీటి మట్టం వేరు, తూములోంచి పారే నీరు వేరు. మట్టం బాగానే ఉన్నా, పైనుంచి వచ్చే నీటి కంటే కిందికి వదిలేది ఎక్కువైతే మట్టం దిగిపోతుంది, చివరి పొలానికి నీరెక్కదు. కంప్రెసరులో మీటరు చూపేది మట్టం. గన్నుకు కావలసింది పారుదల. పంక్చరు షాపు కంప్రెసరుకు మట్టం ఉంటుంది, పారుదల ఉండదు. టైరుకు అది చాలు.

అంకెల్లో చూడండి. ఒక హెచ్.పి. కంప్రెసరు నిమిషానికి సుమారు 100 లీటర్ల గాలి ఇస్తుంది. నేను కొన్న పెద్ద గన్ను నిమిషానికి 350 లీటర్లు తాగుతుంది. లోటు 250. ట్యాంకు 50 లీటర్లది. మీటరు 8 కిలోల నుంచి 3 కిలోలకు దిగేలోపు ఆ ట్యాంకు ఇచ్చే నిలవ గాలి 50 ఇంటు 5, అంటే 250 లీటర్లు. సరిగ్గా ఒక్క నిమిషం! నా గన్ను ఎప్పుడు దగ్గిందో లెక్క కూడా అదే చెప్పింది. ముప్పై ఏళ్లు నీళ్ల లెక్కలు వేసినవాణ్ణి, గాలి లెక్క వేయలేకపోయానని సిగ్గు పడ్డాను.

కాబట్టి గన్ను కొనే ముందు రెండు కాగితాలు చదవండి. గన్నుతో వచ్చే కాగితంలో అది నిమిషానికి ఎంత గాలి తీసుకుంటుందో ఉంటుంది. లీటర్లలో కాకుండా ఘనపుటడుగుల్లో ఉంటే, ఒక ఘనపుటడుగు సుమారు 28 లీటర్లు. కంప్రెసరు పలక మీద అది ఇచ్చే గాలి ఉంటుంది. ఇచ్చేది తీసుకునేదాని కంటే కొంచెం ఎక్కువగా ఉండాలి. రెండు హెచ్.పి. కంప్రెసరు 200 లీటర్ల దాకా ఇస్తుంది. మన వీధుల్లో సాయంత్రం వోల్టేజి పడిపోయినప్పుడు అది కూడా ఇవ్వదని గుర్తుంచుకోండి.

ఇప్పుడు గన్నుల రకాలు. కప్పు కింద ఉండేది పాత పద్ధతి. రంగును కింది నుంచి పీల్చుకుంటుంది, ఒత్తిడి ఎక్కువ కావాలి, కప్పు అడుగున రంగు మిగిలిపోతుంది. కప్పు పైన ఉండే గన్నులో రంగు తన బరువుతో తానే దిగుతుంది. కొద్దిపాటి రంగుతో పని చేసేవారికి పైకప్పు గన్నే మేలు.

గాలిని వాడే తీరును బట్టి మూడు రకాలు. పాత తరహా గన్ను ఎక్కువ ఒత్తిడితో కొడుతుంది. పని తొందరగా సాగుతుంది గాని, రంగులో సగానికి పైగా బండి మీద పడకుండా గాలిలో కలుస్తుంది. హెచ్.వి.ఎల్.పి. అంటే గాలి ఎక్కువ, ఒత్తిడి తక్కువ. మూతి దగ్గర ఒత్తిడి 10 పౌండ్లకు మించదు. దక్షిణ కాలిఫోర్నియాలో గాలి కాలుష్యం మీద 1980ల చివర్లో వచ్చిన నిబంధనలు ఈ రకానికి ఊతమిచ్చాయి. గన్నులోంచి వచ్చిన రంగులో కనీసం 65 శాతం వస్తువు మీద పడాలని అక్కడ నియమం. మూడోది ఎల్.వి.ఎల్.పి. ఒత్తిడీ తక్కువే, గాలీ తక్కువే. పని నెమ్మది. 1.3 మిల్లీమీటర్ల మూతితో ఇలాంటివి చాలా వరకు 200 లీటర్ల లోపు గాలితో సరిపెట్టుకుంటాయి. రెండు హెచ్.పి. కంప్రెసరున్న ఇంటికి ఇదే తగినది. ఒక తలుపు, ఒక బంపరు, ఒక గీత వరకే పనైతే, చిన్న కప్పుతో ఒక మిల్లీమీటరు మూతి ఉన్న బుల్లి గన్ను చాలు.

కరెంటుకు నేరుగా తగిలించి కొట్టే గన్నులు కూడా వస్తున్నాయి. గేటుకు, కిటికీ ఊచలకు, గోడకు అవి బాగా పనికొస్తాయి. వాటి మూతి పెద్దది, చుక్క లావు. కారు మీద ఆ నునుపు రాదు.

మూతి కొలత రంగును బట్టి మారుతుంది. ప్రైమరు, సర్ఫేసరు చిక్కగా ఉంటాయి గనుక 1.6 నుంచి 1.8 మిల్లీమీటర్లు. పై రంగుకు, క్లియరు కోటుకు 1.3 లేదా 1.4. అన్నీ ఒకే గన్నుతో కొట్టాలనుకుంటే మూతి, సూది, ముందు టోపీ మూడూ కలిపి సెట్టుగా మార్చే వీలుందా అని అడగండి. సూది, మూతి స్టెయిన్‌లెస్ స్టీలువేనా, వాషర్లు, సూదులు రేపు నెల్లూరులో దొరుకుతాయా అని కూడా అడగండి. విడిభాగం దొరకని గన్ను ఎంత మెరిసినా షోకేసులో పెట్టుకోవలసిందే.

ఇంతవరకు మేస్త్రీ చెప్పిన మొదటి గాలి. అతను చెప్పకుండానే తెలిసిన రెండో గాలి ఒకటుంది.

గన్ను మార్చి తెచ్చుకుంటానన్నాను. రంగు ఏదని అడిగాడు. దుకాణంలో ఇచ్చిన రెండు డబ్బాలూ చూపించాను, ఒకటి రంగు, రెండోది హార్డెనరు. ఎండకూ, పెట్రోలు చుక్కకూ చెదరని రంగు కావాలంటే ఇదేనని చెప్పి ఇచ్చారు. మేస్త్రీ హార్డెనరు డబ్బా చూసి అరుగు మీద కూర్చున్నాడు. మా గేటు నుంచి అరుగు దాకా పది అడుగులు. ఆ పది అడుగులకే అతనికి ఆయాసం వచ్చింది. ఇరవై ఏళ్లు ముఖానికి చేతిరుమాలు కట్టుకుని ఇదే రంగు కొట్టాడట. మొదట్లో రాత్రిళ్లు మాత్రమే దగ్గు వచ్చేదట. ఆదివారాలు పని లేని రోజున తగ్గేదట. సోమవారం మళ్లీ మొదలు. వాతావరణం మార్పేమో అనుకున్నాడు. చివరకు ఛాతీ డాక్టరు గారు, "ఇక గన్ను పట్టుకోవద్దు" అన్నారు. మేస్త్రీకి ఇంకా యాభై నిండలేదు. ఇప్పుడు పుట్టీ పని, రుద్దుడు పని మాత్రమే చేస్తున్నాడు.

ఆ తర్వాత ఈ విషయం చదివి తెలుసుకున్నాను. ఆ హార్డెనరులో ఐసోసైనేట్లు అనే రసాయనాలుంటాయి. భోపాల్లో 1984 డిసెంబరులో వెలువడింది మిథైల్ ఐసోసైనేట్, సులువుగా ఆవిరయ్యేది. ఇది అదే కాదు, ఆ కుటుంబానికి చెందినది. డబ్బాలో ఉన్నంతసేపు అంత ప్రమాదం లేదు. గన్నుతో సన్నని తుంపరగా మార్చినప్పుడు అది ఊపిరితిత్తులలోకి పోతుంది. కొందరికి దానివల్ల ఉబ్బసం పట్టుకుంటుంది. ఒకసారి ఒంటికి పడకుండా పోతే, ఆ తర్వాత ఇసుమంత తగిలినా ఆయాసం వస్తుంది. హాని చేసే మోతాదులో కూడా దానికి వాసన తెలియదు. అందుకే వాసన రాలేదు గనుక ఫరవాలేదు అనుకోవడానికి లేదు. చేతిరుమాలూ, కరోనా రోజుల నాటి గుడ్డ మాస్కూ దీనికి అడ్డు కావు. మామూలు బొగ్గు డబ్బీ మాస్కును కూడా నమ్ముకోకూడదు. బయటి నుంచి శుభ్రమైన గాలిని గొట్టం ద్వారా పంపే ముసుగు వేసుకుని, గాలి బయటకు లాగే గదిలో కొట్టవలసిన రంగు అది.

మా ఆవిడకు చలికాలంలో ఆయాసం వస్తుంది. సెలవులకు మనుమలు వస్తారు. మాది గోడకు గోడ ఆనుకున్న వీధి. నేను మా పెరట్లో కొట్టిన తుంపర పక్కింటి వంటగది కిటికీలోకి పోతుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆదా చేయాలనుకున్న డబ్బెంత, పణంగా పెట్టబోయిందేమిటి అని లెక్క వేశాను. తెల్లవారి హార్డెనరు డబ్బా మూత తీయకుండానే వెనక్కి ఇచ్చేశాను.

పనిని రెండుగా విడదీశాను. టాపు, బానెట్ రెండూ రోజంతా ఎండకు మాడేవి, గట్టి రంగు తప్పదు. వాటిని షెడ్డుకే అప్పగించాలి. తలుపుల కింది భాగాలు, బంపర్ల మూలలు ఇంటి దగ్గర హార్డెనరు లేని లక్కరుతో చేసుకోవాలి. లక్కరు థిన్నరు ఆవిరైపోయి ఆరుతుంది. నిగనిగలు పాలిషుతో తెప్పించుకోవాలి, ఎండకు కొన్నేళ్లలో మళ్లీ వెలుస్తుంది. ఆ లోటు ఒప్పుకున్నాను. దీని థిన్నరు కూడా మంచిది కాదు. దీనికి మాత్రం బొగ్గు డబ్బీ మాస్కు పనికొస్తుంది, అది తప్పకుండా పెట్టుకోవాలి. కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు కూడా. థిన్నరు ఆవిరి గాలి కంటే బరువు, నేలను పట్టి పాకుతుంది. వంటింట్లో స్టవు ఆర్పించి, కంప్రెసరును దూరంగా, గాలి వచ్చే వైపు పెట్టుకోవాలి. ఎంత జాగ్రత్త పడినా ఉబ్బసం, గుండె జబ్బు ఉన్న మిత్రులు ఈ పని జోలికి పోవద్దని నా మనవి.

మన ఊరి వాతావరణానికి తగిన రోజు చూసుకోవడం కూడా ముఖ్యం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, తుపాన్లు. తేమ గాలిలో లక్కరు కొడితే పొగ పట్టినట్టు తెల్లబారుతుంది. రోహిణి కార్తెలో కొడితే రంగు బండిని చేరకముందే గాలిలో ఆరి, ఇసుక చల్లినట్టు పడుతుంది. కోతల రోజుల్లో దుమ్ము, రైసు మిల్లుల ఊక బూడిద ఎగిరి తడి రంగు మీద వాలుతాయి. నేను ఫిబ్రవరిలో, మంచు ఆరిన తర్వాత పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టాను. గాలిని నొక్కినప్పుడు అందులోని తేమ నీరవుతుంది. నా మొదటి తలుపు మీద పడిన నీళ్లు అవే. గొట్టంలో నీళ్లు పట్టే డబ్బీ పెట్టించాను. కంప్రెసరు అడుగు తిరుపును పని మధ్యలో కూడా విప్పి నీళ్లు వదిలాను. రుద్దే ముందు ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగించాను. ఉప్పు మీద రంగు వేస్తే లోపల బొబ్బలెత్తుతుంది.

కొత్తగా చేసేవారికి మేస్త్రీ నేర్పిన నాలుగు మాటలు. ఒకటి, బండి మీద కాదు, ముందు గోడకంటించిన పాత పేపరు మీద కొట్టి చూడాలి. తుంపర కోడిగుడ్డు ఆకారంలో అంతటా సమంగా పడాలి. రెండు, గన్ను జానెడు దూరంలో, తలుపుకు నిటారుగా ఉండాలి. చెయ్యి విసనకర్రలా తిప్పకూడదు. మూడు, ఒక వరసలో సగం మీద రెండో వరస పడాలి, గన్ను కదిలిన తర్వాతే మీట నొక్కాలి, ఆగకముందే వదలాలి. నాలుగు, పలుచగా మూడు పూతలు, మధ్య మధ్య ఆరనిచ్చి. ఒకేసారి దట్టంగా వేస్తే జారిపోతుంది. పని కాగానే గన్ను కడగాలి. ఒక్క పూట బద్ధకిస్తే మూతి పూడిపోతుంది.

రంగు మార్చాలనుకునేవారికి ఒక మాట. ఆర్.సి.లో బండి రంగు రాసి ఉంటుంది. ఉన్న రంగే వేస్తే చిక్కు లేదు. వేరే రంగైతే ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, ఆర్.సి.లో మార్పించుకోవాలి. తెలుపు లాంటి సాదా రంగు కొత్త చేతికి కొంత లొంగుతుంది. వెండి మెరుపు రంగులు చెయ్యి ఎక్కడ తడబడిందో మచ్చలుగా చూపిస్తాయి, వాటిని మనం ముట్టకపోవడమే మేలు.

చివరకు నేను వాడింది బుల్లి గన్ను. ఆ పెద్ద గన్ను ఏమైందని అడుగుతారు. మేస్త్రీ మేనల్లుడు ఒక షెడ్డు నడుపుతున్నాడు, అయిదు హెచ్.పి. కంప్రెసరుంది. అతని దగ్గర కూడా చేతిరుమాలే ఉంది! పుట్టీ, రుద్దుడు పని మేస్త్రీ నేనూ కలిసి ఇంటి దగ్గరే చేసుకున్నాం గనుక షెడ్డు ఖర్చు సగానికి తగ్గింది. మిగిలిన డబ్బులో కొంత పెట్టి, నూనె ఆవిరి వడగట్టే ఫిల్టరుతో సహా గాలి గొట్టం ముసుగు ఒకటి తెప్పించాను. ఆ గన్నూ, ఈ ముసుగూ ఆ అబ్బాయి చేతిలో పెట్టి, "మా టాపు, బానెట్ దీనితోనే కొట్టాలి, ఇది తగిలించుకునే కొట్టాలి" అన్నాను. "ఉక్కపోస్తది సార్" అన్నాడు. వాళ్ల మామ పక్కనే నిలబడి ఉన్నాడు. ఏమీ అనలేదు. అబ్బాయి మామ వంక ఒకసారి చూసి ముసుగు తగిలించుకున్నాడు.

బండి బయట ఉంది, సమావేశం కాగానే చూడండి. ఎడమ తలుపు కింద ఎండలో పరిశీలనగా చూస్తే కొంచెం బత్తాయి తొక్క ఇప్పటికీ కనిపిస్తుంది. అది నా చేతి పని. టాపు మాత్రం అద్దం.

కాబట్టి మిత్రులారా, ఏ గన్ను కొనాలని నన్ను అడిగినవారికి నా జవాబు ఇది. ముందు ఏ రంగో తేల్చుకోండి. అది మీ ఇంట్లో, మీ ఊపిరితో కొట్టదగినదేనా అని చూసుకోండి. తర్వాత మీ కంప్రెసరు ఇచ్చే గాలి లెక్క వేయండి. ఈ రెండూ తేలితే ఏ గన్నో దుకాణంలో మీరే చెప్పగలరు. మీ ఇంటికి పనివాణ్ణి పిలిచి కొట్టిస్తే, అతని ముఖానికి ఏముందో ఒకసారి చూడండి.